నికొలా బుర్బకీ: అపోహలు, వాస్తవాలు

ఎమ్మెస్సీ విద్యార్థులకు ఆల్జీబ్రా చెబుతుంటాను. బుర్బకీ గురించి విన్న మాటలు నమ్మి, ఆ పేరుతో వచ్చిన మంచి గణిత పుస్తకాలను ముట్టుకోకుండానే వదిలేస్తున్నారని బాధేసి ఇది రాస్తున్నాను.

అపోహ: బుర్బకీ ఒక ఫ్రెంచ్ మేధావి.

వాస్తవం: అలాంటి గణితజ్ఞుడే లేడు. ఆండ్రే వెయిల్, ఆన్రీ కార్తాన్ వంటి కుర్ర గణితజ్ఞులు కొందరు ఉమ్మడిగా పెట్టుకున్న పేరది. అసలు బుర్బకీ 19వ శతాబ్దపు ఫ్రెంచ్ సేనాని.

అపోహ: అమూర్తత మీద మోజుతో మొదలుపెట్టారు.

వాస్తవం: పాఠం చెప్పడంలో ఇబ్బంది వచ్చి మొదలుపెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లో వెయిల్, కార్తాన్ ఇద్దరూ కాల్‌క్యులస్ చెప్పేవారు. స్టోక్స్ సూత్రాన్ని (ఒక ప్రాంతం మీది సమాకలనాన్ని దాని అంచు మీది సమాకలనంతో కలిపే సూత్రం) ఎలా చెప్పాలని కార్తాన్ పదే పదే అడిగేవారు. వాడుకలో ఉన్న పుస్తకం వాళ్లకు సరిపోలేదు. 1934 డిసెంబరులో పారిస్‌లోని ఒక కెఫేలో కూర్చుని, అనాలిసిస్ పుస్తకం మనమే రాద్దామనుకున్నారు. తీరా రాయబోతే ముందు టోపాలజీ (సాగదీసినా మారని ఆకార లక్షణాల గణితం), ఆల్జీబ్రా, వాటికీ ముందు సమితులు చక్కబెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటర్ మ్యాథ్స్‌లో మనం చదివే ఇంజెక్షన్, సర్జెక్షన్, బైజెక్షన్ అన్న ప్రమేయాల పేర్లు వాడుకలోకి వచ్చింది వీళ్ల పుస్తకాలతోనే.

అపోహ: ఆ శైలి చూస్తే ఎవరో ఒక్కరే తడబడకుండా రాసినట్టుంది.

వాస్తవం: ఒకరు రాసిన ముసాయిదాను అందరి ముందూ వాక్యం వాక్యం పైకి చదివేవారు. ఎవరైనా, ఎక్కడైనా అడ్డుపడొచ్చు. కేకలు, వాదనలు. చివరికి దాన్ని పక్కన పడేసి ఇంకొకరిని మళ్లీ రాయమనేవారు. ఆ ముసాయిదాకూ తరచూ అదే గతి. అందరూ ఒప్పుకుంటేనే అచ్చుకు వెళ్లేది. యాభై ఏళ్లు నిండితే ఎంతటివారైనా తప్పుకోవాల్సిందే. మా రీసెర్చ్ స్కాలర్ల చేతా పేపర్లు ఇలాగే పైకి చదివిస్తాను. ‘ఇది తేలికగానే తెలుస్తుంది’ అని రాసిన చోటే ఎక్కువగా లోపం బయటపడుతుంది.

అపోహ: చదివేవాళ్ల మీద దయ లేదు.

వాస్తవం: పాఠకుడు పొరబడే చోట మార్జిన్‌లో, రోడ్డు పక్క బోర్డు మీద ఉండే ప్రమాదకర మలుపు గుర్తు వేశారు! అయినా గ్రూప్ థియరీకి (సౌష్ఠవాలను పరిశీలించే ఆల్జీబ్రా శాఖ) మొదటి పుస్తకంగా బుర్బకీని తీసుకోవద్దనే చెబుతాను. కాస్త పట్టు చిక్కాక, 1968లో వచ్చిన లీ గ్రూపుల (నిరంతరంగా మారే సౌష్ఠవాల గ్రూపులు) సంపుటి చూడండి. రూట్ సిస్టమ్స్ (ఆ గ్రూపులను వర్గీకరించడానికి వాడే వెక్టర్ల అమరికలు) పట్టికల కోసం ఇప్పటికీ అందరం దాన్నే తెరుస్తాం.

అపోహ: స్కూలు లెక్కలను పాడుచేసింది వీళ్లే.

వాస్తవం: బుర్బకీ స్కూలు పుస్తకాలు రాయలేదు. కానీ 1959లో బుర్బకీ వ్యవస్థాపకుల్లో ఒకరైన ద్యుదొన్నె స్కూలు జామెట్రీ గురించి ‘యూక్లిడ్ వద్దు’ అన్నారు కాబట్టి, నింద పూర్తిగా అన్యాయమనలేను.

అపోహ: అంతా ఎప్పుడో ముగిసిపోయింది.

వాస్తవం: 2016లో ఆల్జీబ్రాయిక్ టోపాలజీ సంపుటి వచ్చింది. పారిస్‌లో బుర్బకీ సెమినార్ ఇంకా నడుస్తోంది. అక్కడ కొత్త ఫలితాన్ని కనిపెట్టినవాళ్లు కాక, సాధారణంగా దాన్ని చదివి అర్థం చేసుకున్న మరొకరు వివరిస్తారు.