మార్క్ చేసిన ఈఎస్‌పీ కార్డులు: అపోహలు - వాస్తవాలు

షో అయ్యాక ఎవరో ఒకరు వచ్చి నేను వాడిన ఈఎస్‌పీ (అతీంద్రియ శక్తి) కార్డులు ఒకసారి ఇవ్వమంటారు. ఇచ్చేస్తాను. తిప్పి చూస్తారు, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటారు, గోటితో గీరుతారు. వాసన చూసినవాళ్లు కూడా ఉన్నారు. ఏమీ దొరక్కపోతే "అయితే నిజంగానే మనసు చదువుతారన్నమాట" అంటారు. ఏదో దొరికిందనుకుంటే "ఓస్, ఇంతేనా" అంటారు. ఈ రెండు మాటలూ తప్పే. మెంటలిజం, అంటే మనసు చదువుతున్నట్టు చూపించే మేజిక్, చేసేవాడిగా నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. ఏ బొమ్మో తెలిసేలా కార్డు వెనక ఉండే రహస్య గుర్తు, అంటే ఆనవాలు, సరిగ్గా ఎక్కడ ఉంటుందో మాత్రం అడక్కండి.

అపోహ: ఈ కార్డులు మేజిక్ కోసమే తయారుచేశారు.

కాదు. 1930ల మొదట్లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ అతీంద్రియ శక్తి మీద పరీక్షలు చేసేవారు. ఆయన కోసం కార్ల్ జెనర్ అనే సైకాలజిస్టు ఈ బొమ్మలను రూపొందించారు. అందుకే వీటిని జెనర్ కార్డులనీ అంటారు. కట్టలో 25 ముక్కలుంటాయి. సున్నా, ప్లస్, మూడు అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కో బొమ్మకు ఐదేసి. సున్నాకు ఒక గీత, ప్లస్‌కు రెండు, అలలు మూడు, చతురస్రానికి నాలుగు వైపులు, నక్షత్రానికి ఐదు మొనలు. అంటే బొమ్మలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒకటి నుంచి ఐదు దాకా లెక్క వస్తే చాలు. మాలాంటి వాళ్ల పని ఇంత సులువు చేసిన శాస్త్రీయ పరికరం ఇంకోటి లేదేమో.

అప్పట్లో అచ్చయిన కొన్ని కార్డులు పలచగా ఉండి, వెలుతురు ఒక కోణంలో పడితే వెనక నుంచే బొమ్మ కనిపించేదని విమర్శకులు చూపించారు. ఎవరూ పనిగట్టుకుని మార్క్ చేయకుండానే అవి మార్క్‌డ్ కార్డులైపోయాయన్నమాట. నిబంధనలు గట్టిగా పెట్టి మళ్లీ చేస్తే రైన్ చెప్పిన ఫలితాలు ఇతరులకు రాలేదు.

అపోహ: మార్క్ చేసిన కార్డులు చేతిలో ఉంటే ఎవరైనా మనసు చదివేయొచ్చు.

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. కట్ట కొన్న కొత్తలో నేనూ ఇలాగే అనుకున్నాను. ఆనవాలు చెప్పేది ఒక్క సంగతే, ఆ ముక్క మీద ఏ బొమ్మ ఉందో. దాన్ని ఎప్పుడు చూడాలో అది చెప్పదు. కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే. ఎదుటివాళ్లు కార్డు ఎంచుకుని "ఇప్పుడు చెప్పండి" అనగానే కార్డు వీపు వైపు చూస్తారు. మన కళ్లు ఎటు పోతే ప్రేక్షకుల కళ్లూ అటే పోతాయి. అక్కడితో ఆట ముగిసినట్టే.

నేను ఐదు బొమ్మల్లో ఒక్కో ముక్క తీయించి, కలిపించి, బోర్లించి వరసగా పెట్టమంటాను. ఏం చేయాలో వివరిస్తూ ఉండగానే చదవడం అయిపోతుంది. ఆ సమయంలో నేను కార్డుల వైపు చూడటం ఎవరికీ అనుమానం కలిగించదు, ఎందుకంటే అప్పటికి రహస్యమేదీ పుట్టలేదు. నాలుగు చదివితే చాలు, ఐదోది లెక్కలో తేలుతుంది. తర్వాత వెనక్కి తిరిగి నిలబడి, ఒకటి తీసి గుండెకు ఆనించుకోమంటాను. మళ్లీ ఇటు తిరిగేసరికి వరసలో ఏర్పడ్డ ఖాళీయే చెప్పేస్తుంది.

అసలు పని అక్కడ మొదలవుతుంది. జవాబు చేతిలో ఉంది, దాన్ని వెంటనే అనకూడదు. "ఆ బొమ్మను మనసులో గీయండి. పెన్ను ఎత్తాల్సి వచ్చిందా?" అని అడుగుతాను. ప్లస్‌కూ అలలకూ ఎత్తాలి, మిగతా మూడింటికీ అక్కర్లేదు. వాళ్లు తడబడితే ఆ తడబాటును వాడుకుంటాను. చివరికి వాళ్లు ఇంటికి తీసుకెళ్లేది బొమ్మ పేరును కాదు, ఈ అర నిమిషాన్ని. ఆనవాలు చదవడం నాకు వారంలో వచ్చింది. చదవనట్టు ఉండటానికి రెండేళ్లు పట్టింది.

అపోహ: ఆనవాలు ఎంత చిన్నదైతే అంత మంచిది.

ఎవరికీ కనిపించని ఆనవాలు నాకూ కనిపించదు. కళ్లు చికిలించి ముక్క మీదకు వంగే మెంటలిస్టు కంటే కాస్త పెద్ద ఆనవాలే నయం. చేయి చాచినంత దూరంలో, నిలబడి, ఒక్క చూపులో తెలియాలి. ఇంకో సంగతి, కట్టను బొటనవేలితో పరపరా వదిలితే డిజైన్‌లో మారే చోటు సినిమా బొమ్మలా కదులుతుంది. తెలిసినవాళ్లు పట్టుకునేది అలాగే. కాబట్టి దొరకని ఆనవాలంటూ లేదు, వెతకాలన్న ఆలోచన రాకుండా చూడటమే మన పని.

లైట్ల సంగతి కూడా చెప్పాలి. ఒక షోలో స్టేజీ అంతా ఎర్ర లైటు వేశారు. నా కార్డుల వీపు తెల్ల కాగితం మీద ఎర్ర డిజైన్. ఆ వెలుతురులో డిజైనే కనిపించలేదు, పాతిక ముక్కలూ ఒక్కలాగే కనిపించాయి. టెన్షన్‌తో నోరెండిపోయింది. ఊహించి చెప్పాను, తప్పింది. నవ్వేసి ఇంకో ఐటమ్‌లోకి దూకాను. ఆ తర్వాత నీలం కట్ట ఒకటి, ఎర్ర కట్ట ఒకటి సంచిలో ఉంచుకుంటున్నాను.

అపోహ: ప్రతిసారీ కరెక్టుగా చెబితేనే నమ్ముతారు.

పాతిక ముక్కలకు పాతికా చెబితే జనం ముందు అనుమానించేది కార్డులనే. వట్టి ఊహతో చెప్పినా సగటున ఐదు తగులుతాయి. పది, అంతకంటే ఎక్కువ తగిలేది నూటికి ఒకరిద్దరికే. హాల్లో నూరుమంది చేత ఊహించి రాయిస్తే ఆ ఒకరిద్దరు చాలాసార్లు దొరుకుతారు. వాళ్లను స్టేజీ మీదకు పిలిస్తే, వాళ్ల ముఖంలో కనిపించే ఆశ్చర్యం నేను నటించలేనిది. ఇక నేను చెప్పేటప్పుడు కావాలనే ఒకటి తప్పుతాను, అదీ మొదట్లోనే. ఆఖర్న తప్పితే అదే గుర్తుంటుంది.

అపోహ: మార్క్ చేసిన కార్డులు వాడటం మోసం.

డబ్బు పెట్టి ఆడే పేకాటలో మోసమే, సందేహం లేదు. వినోదం కోసమని టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ల ముందు కాదు. కానీ ఈ గీత నేను అనుకున్నంత స్పష్టంగా ఉండదు. ఒకసారి షో తర్వాత ఒకావిడ అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకు వచ్చింది. కొడుకు ఏడాదిగా తనతో మాట్లాడటం లేదట, వాడి మనసులో ఏముందో చూసి చెప్పమంది. నా నియమం పక్కన పెట్టి కార్డు తీసి ఆనవాలు చూపించాను. "ఇదేనమ్మా, నాకు ఇంతకు మించి ఏమీ తెలియదు" అన్నాను. ఆవిడ కార్డును కాసేపు పట్టుకుని చూసింది.

"తెలుసు బాబూ," అంది. "అయినా అడగాలనిపించింది."