నెర్రెల నేలకు జిప్సం: అపోహలు - వాస్తవాలు

"నేలంతా నెర్రెలిచ్చింది, వాన పడితే నీళ్లు నిలుస్తున్నాయి. జిప్సం ఎన్ని బస్తాలు వేయమంటారు సార్?" వానల ముందు నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. పీహెచ్ (నేల పులుపా, క్షారమా చెప్పే అంకె) ఎంత, సోడియం ఎంత అంటే జవాబుండదు. పక్క చేనాయన వేశాడట, అంతే.

అపోహ: జిప్సం వేస్తే ఏ రేగడైనా గుల్లబారుతుంది.

వాస్తవం: జిప్సం కాల్షియం ఉన్న ఖనిజం, అది విరుగుడు సోడియానికి. బంకమట్టి రేణువులను అంటిపెట్టుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం తోసేస్తుంది. దాంతో రేణువులు నీళ్లలో చెదిరిపోకుండా గుంపు కడతాయి, సందులు పూడవు, వాననీరు దిగుతుంది. సోడియం సమస్యే లేని రేగడికి, అందులోనూ కాల్షియం ముందే దండిగా ఉన్నదానికి, దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. నెర్రెలంటారా, అవి ఆ మట్టి గుణం. ఏం వేసినా విచ్చుతాయి.

కొనేముందు బఠాణీ గింజంత ఎండుపెళ్లను గ్లాసుడు వాననీటిలో వదలండి. కదపొద్దు. బోరునీళ్లు వద్దు, వాటిలోని లవణాలు అసలు సంగతి దాచేస్తాయి. కొన్ని గంటల్లో పెళ్ల చుట్టూ పాలలాంటి మసక కమ్మితే సోడియాన్ని అనుమానించి, భూసార పరీక్ష చేయించి, మోతాదు దాన్నిబట్టే వేయండి. పెళ్ల విడిపోయినా నీళ్లు తేటగా ఉంటే కావలసింది పశువుల ఎరువు, పచ్చిరొట్ట (పచ్చిగానే నేలలో కలియదున్నే పైరు), నేలమీద చెత్త కప్పు.

కొత్తలో నేనూ రిపోర్టు చూడకుండా ఒకాయనకు జిప్సం రాసిచ్చాను. ఆ వానకీ నీళ్లు అలాగే నిలిచాయి. ఆయన పల్లెత్తు మాట అనలేదు. పెళ్ల ఒకటి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. గ్లాసులో వేస్తే విచ్చుకుంది, నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అప్పటికి ఆయన డబ్బు పోయింది.

ఇసుక కలిపితే? ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టే దాదాపు 800 టన్నులు. నాలుగు ట్రాక్టర్ల ఇసుక ఏ మూలకు? సున్నపురాయి పొడి? అందులోనూ కాల్షియమే, కానీ క్షారపు నేలలో కరగదు.

ఇక తొలివాన గటగటా తాగిన చేను రెండో వానకు చెరువైందని టెన్షన్ పడేవాళ్లకు: నేల చెడిపోలేదు. మొదట నీళ్లు నెర్రెల్లోంచి దిగాయి. మట్టి ఉబ్బి అవి మూసుకున్నాక గంటకు ఒక మిల్లీమీటరు దిగడమే గగనం కావచ్చు. ముందు మిగులు నీరు పోయేలా కాలువ తీయండి. జిప్సం అవసరమైన నేలలోనూ ఊడిన సోడియం బయటికి పోవాల్సింది నీటితోనే.