ఓడ రాత్రంతా రేవులోనే ఉంటే... క్రూయిజ్ ఓవర్‌నైట్ గురించి అపోహలు, వాస్తవాలు

మన నల్లగొండ, పాలమూరు వాళ్లకు నీళ్ల మీద ప్రయాణం అనగానే గుర్తొచ్చేది సాగర్ లాంచీ. నాగార్జునకొండకు పోయి మ్యూజియం చూసి రావడం, లేదంటే కృష్ణ మీదుగా శ్రీశైలం దాకా పోయి, రాత్రి అక్కడ రూంలో పడుకుని మర్నాడు తిరిగి రావడం. క్రూయిజ్ షెడ్యూల్‌లో ఏదో ఊరి పక్కన ‘ఓవర్‌నైట్’ అని ఉంటే, ఓడ ఆ రేవులోనే రాత్రంతా ఆగి ఉంటుందని అర్థం. అది చూడగానే చాలామంది లాంచీ లెక్కలోనే ఆలోచిస్తారు.

నేను ఆరేళ్లు ఓడలో రిసెప్షన్ కౌంటర్‌లో పని చేశాను. ఇప్పుడు నల్లగొండలో ఉంటూ మన వైపు కుటుంబాలకు క్రూయిజ్ టూర్లు చూసి పెడుతున్నాను. అప్పుడు కౌంటర్ ముందు విన్న అనుమానాలే ఇప్పుడు ఇక్కడా వింటున్నాను. వీటి వల్ల డబ్బు పెట్టి కొన్న రాత్రిని క్యాబిన్‌లో నిద్రపోయి గడిపేసిన వాళ్లను చాలామందిని చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: రాత్రికి క్యాబిన్ ఖాళీ చేసి ఊళ్లో హోటల్ చూసుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఓడ రేవులో కట్టేసి ఉన్నా క్యాబిన్ మీదే, మంచం మీదే, రాత్రి భోజనం కూడా ఎప్పటిలాగే ఉంటుంది. ఓడ ఆగింది కదా అని కరెంటు, ఏసీ ఆపరు. ఓడ జనరేటర్లు నడుస్తూనే ఉంటాయి, కొన్ని రేవుల్లో ఒడ్డు నుంచే కరెంటు తీసుకుంటారు. చాలా రేవుల్లో మూతపడేవి క్యాసినో, డ్యూటీ ఫ్రీ షాపులు. ఓడ ఒక దేశపు రేవులో ఉన్నంతసేపు అక్కడి పన్నులు, చట్టాలు దానికి వర్తిస్తాయి.

అపోహ: చీకటి పడ్డాక దిగనివ్వరు, దిగితే తెల్లారే దాకా ఎక్కనివ్వరు.

వాస్తవం: ఓడకూ ఒడ్డుకూ మధ్య వేసే మెట్ల దారిని గ్యాంగ్‌వే అంటారు. ఓవర్‌నైట్ రోజున మామూలుగా అది రాత్రంతా తెరిచే ఉంటుంది, సెక్యూరిటీ సిబ్బంది అక్కడే ఉంటారు. ఓడ వాళ్లు మీకిచ్చే క్రూయిజ్ కార్డు స్కాన్ చేస్తే మీ ఫోటో వాళ్ల స్క్రీన్ మీద వస్తుంది. బ్యాగు మిషన్‌లో పెట్టి చూస్తారు. అర్ధరాత్రి ఒంటి గంటకు వచ్చినా అంతే.

మన వాళ్లు ఇబ్బంది పడేది గ్యాంగ్‌వే దగ్గర కాదు, పోర్టు గేటు దగ్గర. కంటైనర్లు దించే పెద్ద పోర్టుల్లో గేటు నుంచి ఓడ దాకా నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. ఆ బస్సు రాత్రి ఎన్ని గంటల దాకా ఉందో దిగే ముందే అడగండి. ఓడ తలుపు తెరిచే ఉన్నా, చివరి బస్సు వెళ్లిపోయిందని గేటు దగ్గర పిల్లలతో కూర్చుండిపోయిన కుటుంబం నాకు ఇంకా గుర్తుంది.

అపోహ: టికెట్ మీద బ్యాంకాక్ అని ఉంది, దిగితే బ్యాంకాకే.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, డబ్బులు పోయేది ఇక్కడే. పెద్ద ఓడలు బ్యాంకాక్ నగరం దాకా నది మీద వెళ్లలేవు. లేమ్ చబాంగ్ అనే పోర్టులో ఆగుతాయి. అక్కడి నుంచి నగరం 120 కిలోమీటర్ల పైమాటే. నల్లగొండలో దిగి హైదరాబాద్ చూసి రావడం కన్నా కాస్త దూరమే. వియత్నాంలో హో చి మిన్ సిటీ అని రాసినా పెద్ద ఓడలు ఆగేది ఎక్కువగా ఫూ మీ అనే రేవు వైపు, అక్కడి నుంచీ చాలాసేపు రోడ్డు ప్రయాణం ఉంటుంది. రోమ్ అంటే చివిటావెక్కియా, అదీ 70 కిలోమీటర్లు దాటుతుంది. అదే మలేసియాలోని పెనాంగ్‌లో స్వెటెన్‌హామ్ పియర్ అనే రేవు దగ్గర దిగితే నడుచుకుంటూ జార్జ్‌టౌన్ పాత వీధుల్లోకి పోవచ్చు. సింగపూర్‌లో మరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి మెట్రో స్టేషన్ నడిచే దూరంలోనే ఉంది.

ఓవర్‌నైట్ ఎక్కడుందని మాత్రమే చూడకండి, ఓడ నిజంగా ఏ రేవులో ఆగుతుందో అడిగి మ్యాప్‌లో దూరం చూడండి. బ్యాంకాక్ లాంటి చోట ఒక రాత్రి నగరంలోనే హోటల్ తీసుకుంటే హాయిగా ఉంటుందనేది నా అభిప్రాయం. అది సాధారణంగా కుదురుతుంది, కాకపోతే ముందుగా రిసెప్షన్‌లో చెప్పి అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి. ఆ రాత్రి క్యాబిన్ ఖాళీగా ఉన్నా ఛార్జీ మాత్రం తిరిగి రాదు.

అపోహ: పెద్దవాళ్లకు ఓవర్‌నైట్ దండగ, రాత్రి వాళ్లెక్కడికి పోతారు?

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామూలు రోజున ఓడ పొద్దున ఆగి సాయంత్రం 5, 6 గంటలకు కదులుతుంది. మండే ఎండలో ఉరుకులు పరుగులు, పైగా ఓడ పోతుందేమో అన్న టెన్షన్. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు అదే పెద్ద శిక్ష. పైగా కొన్ని ఊళ్లు బాగుండేదే రాత్రి. సింగపూర్ గార్డెన్స్ బై ద బేలో దీపాల షో 7.45కు, 8.45కు. హాంకాంగ్‌లో సముద్రం ఒడ్డున లైట్ల షో 8 గంటలకు. సాయంత్రమే కదిలే ఓడలో ఉంటే ఇవేవీ చూడలేరు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక కుటుంబం గుర్తొస్తుంది. అప్పుడు మా ఓడ సింగపూర్‌లో రాత్రి ఆగింది. మధ్యాహ్నమంతా నానమ్మ క్యాబిన్‌లో పడుకుంది. సాయంత్రం చల్లబడ్డాక అందరూ కలిసి లైట్లు చూసి వచ్చారు. ఆమెను గదిలో దించి మళ్లీ బయటికి పోదామని మనవళ్లు తీసుకొస్తుంటే, కౌంటర్ దగ్గర నా తెలుగు విని ఆమె అడిగింది, “రేపు పొద్దుగాల గూడ ఓడ ఈడనే ఉంటదా బిడ్డా?” ఉంటుందమ్మా అన్నాను. “ఇగ నిమ్మలంగ పండుకుంట” అని లోపలికి పోయింది. ఎవరి ఓపికకు తగ్గట్టు వాళ్లు తిరగగలగడం ఇందులో ఉన్న అసలు సుఖం.

అపోహ: ఓవర్‌నైట్ అంటే నిండా 2 రోజులు, ఓడ మనల్ని వదిలిపోదు.

రెండూ తప్పే. మధ్యాహ్నం 2 గంటలకు వచ్చి మర్నాడు 12కు వెళ్లినా దాన్ని ఓవర్‌నైటే అంటారు. ఓడ ఆగాక అధికారులు అనుమతి ఇస్తేనే దిగనిస్తారు, అక్కడా కొంత సమయం పోతుంది. రెండో రోజు ‘ఆల్ అబోర్డ్’ టైం ఉంటుంది, ఓడ కదలడానికి అరగంటో గంటో ముందు అందరూ లోపల ఉండాలి. ఓడ వాళ్ల టూర్‌లో వెళ్లిన బస్సు ఆలస్యమైతే ఆగుతారు లేదా తర్వాతి రేవుకు వాళ్లే చేరుస్తారు. సొంతంగా టాక్సీలో పోయిన వాళ్ల కోసం ఆగరు.

ఇంకో చిక్కు గడియారం. సింగపూర్ కన్నా థాయ్‌లాండ్ గంట వెనక. కొన్ని ఓడలు ప్రయాణమంతా సింగపూర్ టైమే పాటిస్తాయి. మీ ఫోన్ మాత్రం థాయ్‌లాండ్ టైంకు తనంతట తానే మారిపోతుంది. ఓడ గడియారంలో 5 అయినప్పుడు మీ ఫోన్‌లో 4. ఫోన్ నమ్ముకుని 5కు వస్తే గంట ఆలస్యమైనట్టే. చేతికి ఒక మామూలు వాచీ పెట్టుకుని దాన్ని ఓడ టైంకు తిప్పుకోమని మా వాళ్లందరికీ చెబుతాను.

అపోహ: పడుకునేది ఓడలోనే కదా, వీసా ఎందుకు?

దిగినా దిగకపోయినా, ఓడ ఆగే దేశానికి మన పాస్‌పోర్టు మీద వీసా అవసరమైతే అది లేని వాళ్లను మొదటి రోజే ఎక్కనివ్వకపోవచ్చు. సింగపూర్‌లో ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగేవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ వీసా, అంటే ఒకటి కన్నా ఎక్కువసార్లు ఆ దేశంలోకి రానిచ్చేది ఉండాలి, ఓడ ఎక్కడంతోనే ఆ దేశం దాటినట్టు లెక్క.

తిండి గురించి రెండు మాటలు. రైస్ కుక్కర్, కెటిల్ ఓడలోకి రానివ్వరు, అగ్ని ప్రమాదం భయం. ఓడలోని పండ్లు, గుడ్లు ఒడ్డుకు తీసుకెళ్లడం చాలా దేశాల్లో నేరం, జరిమానా వేస్తారు. రాత్రి ఊళ్లో తిరిగేటప్పుడు ఆకలికి సీల్ వేసిన బిస్కెట్ ప్యాకెట్ చాలు.

ప్రయాణం ముగిసే ఊళ్లోనే చివరి రాత్రి ఓడ ఆగితే ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ రాత్రి పెద్ద సూట్‌కేసులు చెప్పిన టైంలోపు క్యాబిన్ తలుపు బయట పెట్టాలి, సిబ్బంది వాటిని కిందికి తీసుకుపోతారు. ఊళ్లోకి పోయి ఆలస్యంగా వస్తామనుకుంటే పోయే ముందే సర్దేయండి. పాస్‌పోర్టు, పొద్దున వేసుకునే బట్టలు, బీపీ, షుగర్ గోలీలు మాత్రం చేతి సంచిలోనే ఉంచుకోండి. సూట్‌కేసు ఒకసారి కిందికి పోతే మళ్లీ మీకు దొరికేది పొద్దున ఓడ దిగాకే.