కుడి కంటే ముందు తిన్నన: ‘రైట్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

ఆర్టీసీ బస్సులో కండక్టరు ‘రైట్ రైట్’ అని కేక వేస్తే డ్రైవరు బండిని కుడివైపుకు తిప్పడు, ముందుకు పోనిస్తాడు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని ప్రయాణికుడికి కూడా ఆ కేకలో దిక్కు ప్రసక్తి లేదని తెలుసు. అదే మాటకు పరీక్ష పేపరు మీద ‘ఒప్పు’ అని, కోర్టులో ‘హక్కు’ అని, రేఖాగణితంలో ‘లంబం’ అని, చౌరస్తాలో ‘కుడి’ అని అర్థాలున్నాయి. ఇన్ని అర్థాలు ఒకే మాట కిందికి ఎలా చేరాయని ఆరా తీస్తే తేలే విశేషం ఏమిటంటే, దిక్కును చెప్పే అర్థమే వాటిలో ఆలస్యంగా వచ్చి చేరింది.

ప్రాచీన ఆంగ్లంలో ఈ మాట రూపం సుమారుగా ‘రిఖ్ట్’. తిన్ననిది, వంకర లేనిది, న్యాయమైనది అని దాని అర్థాలు. నేటి స్పెల్లింగులో పలకని ‘జీ, హెచ్’ అక్షరాలు పిల్లల్ని ఏడిపించడానికి పెట్టినవి కావు. ఒకప్పుడు గొంతులో గట్టిగా పలికిన ధ్వనికి అవి గుర్తు, ఆ ధ్వని ఇంగ్లీషులో అరిగిపోయినా జర్మన్ సోదర పదంలో నేటికీ వినిపిస్తుంది. ఇంకా వెనక్కి వెళితే, ‘తిన్నగా సాగదీయడం, తిన్నగా నడిపించడం’ అనే అర్థమున్న ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటి భాషలకు మూలమైన పాత భాష) ధాతువొకటి ఈ కుటుంబానికంతటికీ మూలమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. లాటిన్‌లో తిన్ననిదానికి వాడే ‘రెక్టుస్’, రాజుకు వాడే ‘రెక్స్’ ఆ ధాతువు నుంచే వచ్చాయి. ఇంగ్లీషు వాళ్లు లాటిన్ నుంచి తెచ్చుకున్న కరెక్ట్, డైరెక్ట్, రెక్టాంగిల్ వంటి మాటలన్నీ రైట్‌కు దూరపు చుట్టాలే. దిశను చెప్పే ‘డైరెక్షన్’ కూడా అందులో ఒకటి.

సంస్కృతంలోని ‘ఋజు’ శబ్దం కూడా అదే ధాతువు నుంచి పుట్టింది. తెలుగువాడు ‘ఋజువర్తన’ అన్నప్పుడు తెలియకుండానే ఇంగ్లీషు రైట్‌కు జ్ఞాతి అయిన మాటను వాడుతున్నాడు. అచ్చ తెలుగుకు ఈ చుట్టరికం లేదు గాని ఆలోచన మాత్రం అదే. ‘తిన్నగా వెళ్లు’ అంటే మలుపు తిరగకుండా వెళ్లమని. ‘తిన్నగా ఉండు’ అంటే బుద్ధిగా నడుచుకోమని. గీత వంకర అయినట్టే బుద్ధీ వంకర అవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషలు ఒకే దారి తొక్కాయంటే, నిటారు గీతను మంచితనానికి గుర్తుగా చూడటం ఏ ఒక్క జాతి సొత్తూ కాదనే అనుకోవాలి.

ఆ పాత అర్థం చెక్కుచెదరకుండా నిలిచిన చోటు గణితం. లంబకోణాన్ని ఇంగ్లీషులో రైట్ యాంగిల్ అంటారు. దానికి ఎదురుగా లెఫ్ట్ యాంగిల్ అనేది లేకపోవడానికి కారణం, అది లాటిన్ ‘అంగులుస్ రెక్టుస్’కు అనువాదం కావడమే. ఒక సరళరేఖ మీద మరొకటి నిలిచి, ఇరుపక్కలా ఏర్పడిన కోణాలు సమానమైతే అవి లంబకోణాలని యూక్లిడ్ నిర్వచించాడు, అంటే గీత ఏ పక్కకూ ఒరగకుండా నిలబడిందన్నమాట. ఖగోళశాస్త్రంలో నక్షత్రాల స్థానం చెప్పే విషువాంశకు ఇంగ్లీషు పేరు రైట్ అసెన్షన్. ఆ పేరు చూసి నక్షత్రం కుడిపక్క నుంచి పైకి వస్తుందని భ్రమపడే వాళ్లు తక్కువేమీ కాదు. భూమధ్యరేఖ మీద నిలబడి చూస్తే నక్షత్రాలు క్షితిజానికి లంబంగా, తిన్నగా పైకి లేస్తాయి. పేరులోని రైట్ ఆ తిన్నదనాన్నే చెబుతుంది.

మరి కుడి అనే అర్థం ఎప్పుడు వచ్చింది? ప్రాచీన ఆంగ్లంలో కుడిచేతికి వాడుక పదం వేరే ఉండేది. ‘స్వీథ్ర’ అనే ఆ మాటకు ‘ఎక్కువ బలమైనది’ అని అర్థం. పన్నెండో శతాబ్దం నుంచి దాని చోటును రైట్ ఆక్రమించడం కనిపిస్తుంది. మనుషుల్లో పదింట సుమారు తొమ్మిది మందికి కుడిచేతి వాటం ఉంటుంది గనుక, పని సరిగ్గా చేసే చెయ్యి ‘సరైన చెయ్యి’ అయింది. ఎడమకు ‘వినెస్ట్ర’ అనేవారు, అంటే ‘ఎక్కువ స్నేహపూర్వకమైనది’! అశుభాన్ని నేరుగా పలకడానికి జంకి మంచి పేరు పెట్టడం మనకు కొత్త కాదు, దీపం ఆర్పమనడానికి బదులు ‘కొండెక్కించు’ అంటాం. చివరికి ఆ మర్యాద కూడా పోయి, బలహీనత అనే అర్థమున్న మాట లెఫ్ట్‌గా స్థిరపడింది. పాత ఆంగ్లంలో పక్షవాతానికి పెట్టిన పేరులో ఈ మాటే ఉంది. వదిలి వెళ్లడాన్ని చెప్పే లెఫ్ట్‌కు దీనితో ఏ బంధమూ లేదు, రెండు వేరు వేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చాయి.

బలాన్ని కుడికి ముడిపెట్టడంలో మన భాషలూ తక్కువ తినలేదు. తమిళంలో ‘వలం’ అంటే కుడీ, బలమూ. తెలుగు రైతు కాడికి కుడిపక్క కట్టే ఎద్దును వలపటెద్దు అనీ, ఎడమపక్క దాన్ని దాపటెద్దు అనీ అంటాడు. అందులోని ‘వల’ ఆ కుటుంబానిదే. సంస్కృతంలో ‘దక్షిణ’ శబ్దానికి నేర్పు గలది, కుడి, దక్షిణ దిక్కు అని మూడర్థాలు. తూర్పుకు తిరిగి నిలబడితే కుడిచేతి వైపు వచ్చేది దక్షిణమే కదా. లాటిన్‌లో కుడిని చెప్పే ‘డెక్స్టర్’ దీనికి జ్ఞాతి. అయితే ఈ వరసకు ఎదురు తిరిగిన మాట ఒకటి మన నాలుక మీదే ఉంది. సంస్కృతంలో ‘సవ్యం’ అంటే ప్రధానంగా ఎడమ. ఎడమచేత్తోనూ బాణాలు వేయగలడు కాబట్టే అర్జునుడు సవ్యసాచి. తెలుగులో మాత్రం ‘అంతా సవ్యంగా జరిగింది’ అంటే సరిగ్గా జరిగిందని. యజ్ఞోపవీతం ఎడమ భుజం మీదుగా ఉండటం మామూలు పద్ధతి, దాన్ని సవ్యం అంటారు. పితృకర్మల్లో కుడి భుజం మీదికి మార్చుకుంటే అది అపసవ్యం. ఎడమ భుజానిదైన మాట ఆ విధంగా సక్రమానికి పేరయింది. ఇంగ్లీషులో సరైనది కుడి అయితే, తెలుగులో ఈ ఒక్క మాట వరకు ఎడమ సరైనదయిందని అనుకోవచ్చు.

హక్కు అనే అర్థం మాత్రం ప్రాచీన ఆంగ్ల కాలం నుంచీ ఉంది. న్యాయంగా ఉన్నది రైట్ అయితే, న్యాయంగా రావలసినదీ రైటే. ఇంగ్లండులో 1689లో వెలువడిన హక్కుల చట్టం నుంచి మన రాజ్యాంగంలో 12 నుంచి 35 వరకు ఉన్న అధికరణాల దాకా ఆ అర్థమే నడుస్తోంది. మన ‘హక్కు’ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దానికి సత్యం అని కూడా అర్థం కావడం ఈ సందర్భంలో గమనించదగ్గది.

అన్నిటికంటే చిన్నది రాజకీయార్థం. 1789లో ఫ్రాన్సు జాతీయ సభలో, రాజుకు చట్టాలను అడ్డుకునే అధికారం ఉండాలా వద్దా అని చర్చ సాగుతుండగా, రాజు పక్షం వాళ్లు అధ్యక్షుడికి కుడివైపున, వ్యతిరేకులు ఎడమవైపున చేరి కూర్చున్నారు. కుర్చీల వరస సిద్ధాంతాల పేరయింది. బ్రిటిష్ రాజకీయాల్లో అది వాడుకలో స్థిరపడటానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. ఇక్కడ రైట్‌కు ఒప్పుతో గాని, న్యాయంతో గాని, బలంతో గాని నిమిత్తం లేదు, మిగిలింది ఉత్త దిక్కు, అదీ ఇంకొకరితో పోల్చి చెప్పే దిక్కు. 1964లో భారత కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు, మొత్తంగా లెఫ్ట్ అనిపించుకున్న ఆ రెండు పార్టీల్లో ఒకదాన్ని పత్రికలు రైట్ కమ్యూనిస్టులని రాయగలిగింది అందుకే.