ఫ్లైట్లు ఆపేస్తే రోగం ఆగిపోతుందా? ఎయిర్‌పోర్ట్ హెల్త్ డెస్క్ నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

ఎక్కడో ఏదో దేశంలో కొత్త జబ్బు అని టీవీలో స్క్రోలింగ్ పడిందంటే చాలు, మా చుట్టాల గ్రూపులో అందరూ నన్నే ట్యాగ్ చేస్తారు, "బాబాయ్, ఇంకా ఫ్లైట్లు ఎందుకు ఆపట్లేదు, మీవాళ్ళు నిద్రపోతున్నారా" అని. మీవాళ్ళు అంటే ఎయిర్‌పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్. విదేశాల నుంచి దిగి ఇమిగ్రేషన్ లైన్లోకి వెళ్ళేలోపు పక్కన ఒక డెస్క్, దాని వెనక మాస్కులేసుకున్న నలుగురు కనిపిస్తారు చూడండి, అది. కేంద్ర ఆరోగ్య శాఖ కిందకి వస్తాం. మామూలు రోజుల్లో మమ్మల్ని కరెన్సీ మార్చే కౌంటర్ అనుకుని డాలర్ రేటు అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. గ్రూపులో ఒక్కొక్కరికీ రిప్లై ఇచ్చే ఓపిక లేక అన్నీ ఒకేచోట రాస్తున్నా.

అపోహ: ఫ్లైట్లు మొత్తం ఆపేస్తే జబ్బు మన దగ్గరికి రాదు.

పూర్తిగా అబద్ధం అని కొట్టిపారెయ్యను, ఎందుకంటే నిజంగా పనిచేసిన సందర్భాలున్నాయి. 1918 ఫ్లూ టైమ్‌లో పసిఫిక్ సముద్రంలో పక్కపక్కనే ఉన్న రెండు సమోవాల కథ మా ఫీల్డులో అందరికీ తెలుసు. అమెరికన్ సమోవా గవర్నరు ఓడల్ని కట్టడి చేశాడు, అక్కడ ఆ ఫ్లూతో ఒక్కరు కూడా చావలేదు. న్యూజిలాండ్ చేతిలో ఉన్న పశ్చిమ సమోవాకి నవంబర్ 7న ఆక్లాండ్ నుంచి తలూన్ అనే ఓడ వచ్చింది, జబ్బుతో ఉన్నవాళ్ళని కూడా దిగనిచ్చారు, కొన్ని వారాల్లో దగ్గర దగ్గర ఐదోవంతు జనం పోయారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు న్యూజిలాండ్ కూడా మార్చి 19నే తలుపులేసి, సొంత మనుషులు వచ్చినా 14 రోజులు ఐసోలేషన్‌లో పెట్టి చాలాకాలం నెట్టుకొచ్చింది. కానీ ఇవన్నీ చుట్టూ నీళ్ళున్న చోట్లు, పైగా లోపల జబ్బు అసలు మొదలవకముందో, మొదలైన కొత్తలోనో వేసిన తాళాలు.

మన సంగతి చూడండి. 2020 జనవరి 30న కేరళలో మొదటి కోవిడ్ కేసు, వూహాన్‌లో చదువుకుని వచ్చిన విద్యార్థిని. మార్చి 2న హైదరాబాద్ కేసు బయటపడింది, ఆ అబ్బాయి దుబాయ్ నుంచి బెంగళూరులో దిగి అక్కణ్ణుంచి బస్సులో వచ్చాడు. మనం అప్పటిదాకా చైనా, ఆ చుట్టుపక్కల దేశాల ఫ్లైట్ల మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాం, ఏ దేశం నుంచి వచ్చినా స్క్రీన్ చెయ్యాలని చెప్పింది మార్చి 4న. 12న నెల్లూరు, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడు. అంతర్జాతీయ ఫ్లైట్లు ఆగింది మార్చి 22న. అంటే తలుపేసేటప్పటికే లోపల ఉంది. అలాగని ఆపడం దండగ అనను. వూహాన్‌ని జనవరి 23న మూసేస్తే చైనాలో మిగతా ఊళ్ళకి పాకడం ఒక 3 నుంచి 5 రోజులే ఆలస్యమైందని తర్వాత లెక్కలు కట్టారు, బయటి దేశాలకి చేరే కేసులు మాత్రం ఫిబ్రవరి సగం దాకా బాగా తగ్గాయని అదే లెక్క చెప్పింది. అంటే టైమ్ దొరుకుతుంది. ఆ టైమ్‌లో బెడ్లు, ఆక్సిజన్, టెస్ట్ కిట్లు సర్దుకున్నామా లేదా అన్నదే అసలు ప్రశ్న, అది అడిగే టీవీ డిబేట్ నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

అపోహ: థర్మల్ కెమెరా ముందు నుంచి వెళ్తే జబ్బున్నవాడు దొరికిపోతాడు.

ఆ కెమెరా చూసేది మొహం చర్మం వేడి. వైరస్‌ని కాదు. పరిగెత్తుకుంటూ వచ్చినవాడు, రెండు పెగ్గులేసి దిగినవాడు ఎర్రగా కనిపిస్తారు, లాండింగ్‌కి గంట ముందు పారాసిటమాల్ వేసుకున్నవాడు చల్లగా, హాయిగా నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. ఇంకా పెద్ద చిక్కేంటంటే, జబ్బు ఒంట్లో చేరాక జ్వరం రావడానికి టైమ్ పడుతుంది, ఎబోలాకైతే 2 నుంచి 21 రోజులు. 2014 సెప్టెంబర్‌లో లైబీరియా నుంచి అమెరికాలో డాలస్‌కి వెళ్ళినాయనకి బయల్దేరేటప్పుడు జ్వరం చూశారు, లేదు, దిగిన కొన్ని రోజులకి ఎబోలా బయటపడింది. కెమెరా తప్పేం లేదు, ఆ రోజుకి ఆయనకి జ్వరమే లేదు. 2003లో సార్స్ వైరస్ జబ్బు వచ్చినప్పుడు కెనడావాళ్ళు లక్షల మందిని స్క్రీన్ చేశారు, ఆ స్క్రీనింగ్‌లో ఒక్క సార్స్ కేసు కూడా పట్టుబడలేదు.

మరి ఎందుకు పెడతారు అంటారా? ఒకటి, దొరికే సందర్భాలు ఉంటాయి. మన దేశంలో 2009 స్వైన్ ఫ్లూ మొదటి కేసు దొరికింది మన శంషాబాద్‌లోనే, మే నెలలో, అమెరికా నుంచి దుబాయ్ మీదుగా వచ్చిన యువకుడు, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి పంపారు. అయినా ఆగస్టు వచ్చేసరికి పుణెలో మొదటి మరణం, తర్వాత దేశమంతా. మొదటి కేసు పట్టుకోవడం వేరు, జబ్బుని ఆపడం వేరు. రెండోది నాకు ముఖ్యమైంది: డెస్క్ కనిపిస్తే జనం నోరు విప్పుతారు. "సార్, నాకు నిన్నటి నుంచి ఒళ్ళు నొప్పులుగా ఉంది, చెప్పాలా వద్దా అనుకుంటున్నా" అని దగ్గరికొచ్చి చెప్పేవాళ్ళు ఉంటారే, కెమెరా బీప్ కంటే నాకు అలాంటివాళ్ళతోనే ఎక్కువ పని జరిగింది.

అపోహ: నెగెటివ్ రిపోర్ట్ చేతిలో ఉంటే గొడవ లేదు.

ఆ రిపోర్ట్ శాంపిల్ తీసిన గంటకి సంబంధించినది, అంతే. 2021లో ఐర్లాండ్ నుంచి వచ్చినాయన ముంబైలో టెస్ట్ నెగెటివ్, విశాఖ ఫ్లైట్ ఎక్కి వచ్చి విజయనగరంలో మళ్ళీ టెస్ట్ చేస్తే పాజిటివ్, ఆంధ్రప్రదేశ్‌లో ఒమిక్రాన్ అనే కొత్త రకం కోవిడ్ మొదటి కేసు అదే. ఫొటోషాప్ రిపోర్టుల గురించి ఇక్కడ రాయను, కొత్తవాళ్ళకి ఐడియా ఇచ్చినట్టుంటుంది.

అపోహ: జబ్బు పుట్టిన దేశం వాళ్ళని మాత్రం ఆపితే సరిపోతుంది.

నన్నడిగితే అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇది. ముందు, "పుట్టిన దేశం" అని మనకి తెలిసేది ముందుగా చెప్పిన దేశం. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు బాగా వెతికి 2021 నవంబర్ 24న కొత్త వేరియంట్ ఉందని డబ్ల్యూహెచ్ఓకి చెప్పారు. రెండు రోజులు తిరక్కుండానే బ్రిటన్, అమెరికా, యూరప్ అన్నీ దక్షిణాఫ్రికా, చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చేవాళ్ళకి తలుపేస్తున్నట్టు చెప్పేశాయి. తీరా చూస్తే నెదర్లాండ్స్‌లో నవంబర్ 19న తీసిన పాత శాంపిల్లో కూడా అదే ఒమిక్రాన్, అంటే వీళ్ళు చెప్పేసరికే అది యూరప్‌లో తిరుగుతోంది. మన దేశంలో డిసెంబర్ 2న ప్రకటించిన మొదటి రెండు కేసుల్లో ఒకరు బెంగళూరు డాక్టర్, ఆయన విదేశానికి వెళ్ళనే లేదు. హైదరాబాద్‌లో మొదట బయటపడ్డవి కెన్యా, సోమాలియా నుంచి వచ్చినవాళ్ళ కేసులు, ఆ రెండు దేశాలూ అప్పటి "రిస్క్" లిస్టులో లేవు, ఊరికే వందలో ఇద్దరిని ర్యాండమ్‌గా తీసి టెస్ట్ చేస్తే దొరికారు. నేను లిస్టుల కంటే ర్యాండమ్ శాంపిల్‌ని ఎందుకు నమ్ముతానో దీన్ని బట్టే అర్థం చేసుకోండి. 2020లో అమెరికాది కూడా ఇదే వరస, ఫిబ్రవరి మొదట్లోనే చైనా వైపు తలుపేసుకుంది, న్యూయార్క్‌కి మాత్రం వైరస్ ఎక్కువగా యూరప్ నుంచి దిగింది.

ఇంక నిజం చెప్పిన దేశానికి ఏం మిగిలింది? టూరిజం పోయింది, ల్యాబులకి కావలసిన సరుకు కూడా ఫ్లైట్లు లేక ఇబ్బందైంది. ఈ దెబ్బ మనం కూడా తిన్నాం. 1994 సెప్టెంబర్‌లో సూరత్ ప్లేగు, చనిపోయింది యాభై పైచిలుకు మంది, కానీ లక్షల మంది రైళ్ళెక్కి సూరత్ వదిలేశారు, మన తెలంగాణ నుంచి వెళ్ళి మరమగ్గాల మీద బతికే కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి కాబట్టి ఆ భయం మన పల్లెల దాకా వచ్చింది. గల్ఫ్ దేశాలు మన ఫ్లైట్లు ఆపేశాయి, ఎగుమతులు ఆగిపోయాయి, దేశానికి వేల కోట్ల నష్టం. అది చూసిన ఏ ప్రభుత్వానికైనా తర్వాతిసారి గుట్టుగా ఉందాం అనిపించదా? 1991లో పెరూ కలరా, 1994లో మన ప్లేగు, ఈ రెండిట్లో మిగతా దేశాలు చేసిన అతి చూసే అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్ని తిరగరాయాలని 1995లో అనుకున్నారు, సార్స్ వచ్చి వెళ్ళాక 2005లో పూర్తయ్యాయి, 2007 జూన్ నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం డబ్ల్యూహెచ్ఓ చెప్పినదానికి మించి ప్రయాణాలకి గట్టిగా అడ్డుపడే దేశం 48 గంటల్లో కారణం చెప్పాలి. చెప్పకపోతే ఏం చేస్తారు అంటే, ఏం చెయ్యరు. జరిమానా లేదు, శిక్ష లేదు. కోవిడ్‌లో ఎవరు పట్టించుకున్నారో మీరే చూశారు.

అపోహ: జబ్బు భయం ఉన్న రోజుల్లో దిగగానే నింపించే హెల్త్ ఫారంలో నిజం రాస్తే పట్టుకుపోతారు, అందుకే ఏదోటి గీకేస్తే మంచిది.

ఇది మాతో ఎవరూ అనరు గానీ ఫారాలు చూస్తే తెలిసిపోతుంది. అడ్రస్ అనే చోట "హైదరాబాద్" అని మాత్రమే రాసేవాళ్ళు, ఫోన్ నంబర్ దగ్గర దుబాయ్‌లో వదిలేసి వచ్చిన సిమ్ నంబర్ రాసేవాళ్ళు, సీట్ నంబర్ ఖాళీ. మీకు ఆ ఫారం ఒక తలనొప్పి, ఒప్పుకుంటా. కానీ మూడు రోజుల తర్వాత మీ ముందు సీటాయన పాజిటివ్ అని ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే అదే వరస, ముందు మూడు వరసలు, వెనక మూడు వరసలు కలిపి అందరికీ మేం ఫోన్లు చెయ్యాలి, జిల్లా సర్వైలెన్స్ టీమ్‌కి పేర్లు పంపాలి. రాంగ్ నంబర్ పోయిందంటే ఆ మనిషి మాకిక లేడు, ఇంట్లో ముసలి అమ్మానాన్న ఉంటే వాళ్ళకి చెప్పేవాడూ లేడు.

జనం ఎందుకు దాస్తారో నాకు అర్థం కాక కాదు. 2022 జూలైలో కువైట్ నుంచి కామారెడ్డి వచ్చిన ఒకాయనకి ఒంటి మీద పొక్కులొస్తే ఆస్పత్రికి వెళ్ళాడు, అక్కణ్ణుంచి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి తెచ్చారు, పుణె వైరాలజీ ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా మంకీపాక్స్ కలకలం అని టీవీల్లో ఊరూ పేటా కూడా చెప్పేశారు. చివరికి నెగెటివ్. ఆయన చేసింది వంద శాతం కరెక్ట్, దక్కింది మాత్రం అది. లైన్లో ముందున్నవాడు నిజం చెప్పి ఇరుక్కుంటే వెనకున్నవాళ్ళందరూ చూసి పాఠం నేర్చుకుంటారు కదా. అందుకే క్వారంటైన్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే మంచి భోజనం పెట్టండి, ఫోన్ ఛార్జర్ ఇవ్వండి, పేరు బయటికి పోనీయకండి అని మా మీటింగుల్లో పోరేవాణ్ణి, ఇది మర్యాద కోసం చెప్పే మాట అనుకునేవాళ్ళు పైవాళ్ళు, నా దృష్టిలో థర్మల్ కెమెరా కంటే ఇదే పెద్ద పరికరం.

అపోహ: విమానాలే ప్రమాదం, ఓడలతో ఏం లేదు.

విశాఖ పోర్టులో కూడా మా శాఖవాళ్ళే ఉంటారు. విదేశం నుంచి వచ్చిన ఓడ పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ హెల్త్ డిక్లరేషన్ ఇచ్చి, మావాళ్ళు ఓకే అనేదాకా ఎవరూ దిగకూడదు. మీకు తెలీకుండా రోజూ జరుగుతూనే ఉంటుంది.

అపోహ: రాష్ట్రాల మధ్య చెక్‌పోస్ట్ పెడితే జబ్బు అక్కడే ఆగుతుంది.

తెలంగాణ దాటి ఆంధ్రలోకి వెళ్ళేచోట గరికపాడు చెక్‌పోస్ట్ గుర్తుందా? 2020 మార్చి చివర్లో హైదరాబాద్ హాస్టళ్ళు ఖాళీ చేయించారు, పోలీసు పాసులు పట్టుకుని పిల్లలందరూ బైకుల మీద, కార్లలో బోర్డర్‌కి వస్తే అవతల ఆపేశారు. విడివిడిగా గదుల్లో ఉండాల్సినవాళ్ళు వందల మంది ఒకేచోట గంటలకొద్దీ నిలబడ్డారు, వైరస్‌కి అంతకంటే ఏం కావాలి. అదే టైమ్‌లో శ్రీకాకుళం, ఆ చుట్టుపక్కల జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ దగ్గర పడవల్లోనే నెలరోజులు ఇరుక్కుపోయి, నాలుగు వేల మందికి పైగా ఏప్రిల్ చివర్లో గానీ బస్సుల్లో ఇళ్ళకి బయల్దేరలేదు. 2021 మేలో ఇంకా దారుణం, కర్నూలు వైపు పుల్లూరు టోల్‌గేట్ దగ్గర అంబులెన్సులు ఆపారు, హైదరాబాద్‌లో బెడ్ ఖాయమైనట్టు కాగితం చూపించమని. హైకోర్టు కలగజేసుకుని ఆ ఉత్తర్వు ఆపాల్సొచ్చింది. రోడ్డు మీద గేటు పెడితే పొలాల గట్ల మీదుగా దారులుంటాయి, పైగా అలా వచ్చినవాళ్ళు ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు, వెతకాలన్నా దొరకరు.

దీనికి పూర్తి వ్యతిరేకం 2018 కోజికోడ్ నిపా. 17 మంది పోయారు, సోకిందంటే బతకడం కష్టమైన జబ్బు, అయినా అది ఆగింది గేట్లతో కాదు, ఎవరు ఎవరిని కలిశారో పేరుపేరునా రాసుకుని రోజూ ఫోన్ చేసి కనుక్కోవడంతో.

అపోహ: ఎల్లో ఫీవర్ కార్డ్ ఒక ఫార్మాలిటీ, ఎయిర్‌పోర్ట్‌లో బతిమాలితే వదిలేస్తారు.

వదలం. ఇన్ని ఆంక్షల్ని తిట్టిన నేనే ఇక్కడ గట్టిగా ఉంటాను, ఎందుకంటే దీనికి లెక్క ఉంది. ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ, అదే డెంగీ దోమ, మన ప్రతి కూలర్‌లోనూ ఉంది, మన జనంలో టీకా వేసుకున్నవాళ్ళు దాదాపు లేరు. మనుషులు నిజం చెప్తారా లేదా అన్న బాధ కూడా లేదు, మంచి టీకా ఉంది, రుజువుగా పసుపు కార్డు ఉంది. కెన్యా, ఉగాండా, నైజీరియా, ఘనా లాంటి దేశాల నుంచి కార్డు లేకుండా దిగితే, అక్కణ్ణుంచి బయల్దేరిన రోజు లెక్కన 6 రోజులు నిండేదాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. బయట పెళ్ళి ముహూర్తం ఉన్నా సరే.

టీకా వేసుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, రేపు ఫ్లైట్ పెట్టుకుని ఇవాళ పొడిపించుకుంటే కుదరదు. 2016 జూలై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుబాటు, పాత కార్డు మీద పదేళ్ళు అని రాసున్నా ఫర్లేదు, మళ్ళీ వేయించుకోనక్కర్లేదు. ఏ ఆస్పత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, ఆంధ్ర వైపు వాళ్ళకి విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీస్. ఏ రోజుల్లో వేస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి, పాస్‌పోర్ట్ మర్చిపోకండి.