అయిదు చిట్టీలు, ఒక్క జత కిడ్నీలు

మూడేళ్ల కింద ఒకరోజు మా మేనత్త బోడుప్పల్ నుంచి ఫోన్ చేసి మస్తు సంబరంగా చెప్పింది, "షుగర్ తగ్గిందిరా, ఇన్సులిన్ సగం చేసిన, అయినా పొద్దున చూస్తే తొంభై దాటుతలేదు" అని. ఇరవై ఏళ్ల షుగర్ ఆమెది. మేమందరం రాగిజావ మహిమ అనుకున్నాం. నెల తిరక్కుండా కాళ్లు వాచి చెప్పులు పట్టట్లేదంటే టెస్టులు చేయించాం, రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, 2.4 వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల ఆడమనిషికి లెక్క కడితే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయన్న అంచనా, 22 దగ్గర తేలుతుంది. సూదితో తీసుకున్న ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసే పనిలో పెద్ద వాటా కిడ్నీలదే, అవి నీరసించేసరికి అదే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది, అందుకే సగం డోసుకే షుగర్ దిగింది. మేం సంబరపడింది దానికి.

అప్పుడు ఆమె కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నా. బట్టల షాపు కవర్లో అయిదు రకాల చిట్టీలు. షుగర్ డాక్టర్‌ది ఒకటి, బీపీ గోలీలు రాసే గల్లీ డాక్టర్‌ది ఒకటి, స్టెంట్ వేసిన చోటిది, మోకాళ్ల నొప్పులకి ఆర్థోది, కంట్లో లేజర్ చేసినాయనది. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిందని కంటి డాక్టర్ రాసి కూడా ఉంది, కంట్లో సన్న రక్తనాళాలు పాడైతే కిడ్నీలోవి కూడా ఓసారి చూడాలి కదా, మూత్రం టెస్టు మాత్రం ఏ చిట్టీలోనూ లేదు. దానికి మూడేళ్ల ముందటి ఒక ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని ఉంది, పక్కన నార్మల్ 0.6 నుంచి 1.2 అని ప్రింటు. స్టార్ గుర్తు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ 65 ఏళ్ల ఆడవాళ్లకి 1.1 అంటే ఈజీఎఫ్ఆర్ 56 చుట్టూ, అంటే అప్పటికే జబ్బుకి గీత అయిన 60 కిందకి జారిపోయింది.

నాకు డాక్టర్ల మీద కోపం వచ్చింది, రాకుండా ఎలా ఉంటది, కానీ తర్వాత చదువుతూ పోతే ఈ అయిదు చిట్టీల వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉందని అర్థమైంది.

1827లో లండన్ గైస్ హాస్పిటల్లో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టర్ ఒళ్లు వాచిన పేషెంట్ల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద పెట్టేవాడు, అందులో ప్రోటీన్ ఉంటే గుడ్డు తెల్లసొనలా గట్టిపడేది. చనిపోయినవాళ్ల కిడ్నీలు తెరిచి చూసి వాపు, మూత్రంలో ప్రోటీన్, పాడైన కిడ్నీ ఈ మూడింటినీ కలిపాడు. చాలాకాలం ఈ జబ్బుని బ్రైట్స్ డిసీజ్ అనే పిలిచారు. నాకు నచ్చింది ఇంకోటి, 1836కల్లా ఆయన వీళ్లలో చాలామందికి గుండె కూడా లావెక్కి ఉందని రాశాడు. ఇంకా బీపీ చూసే పట్టీ కూడా రాని రోజులు, అది రివా-రోచి చేసింది 1896లో. అంటే కిడ్నీ, గుండె కలిసే చెడతాయన్న సంగతి మొదటిరోజు నుంచే కళ్లముందు ఉంది. షుగర్ లింకు 1936లో దొరికింది, కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీల్లో ప్రత్యేకమైన గడ్డల్లాంటివి చూసి రాశారు.

మరి కలిసి ఉన్నది ఎప్పుడు విడిపోయింది? నా లెక్కలో అయితే డయాలసిస్ వచ్చాక. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ సాసేజ్ తొడుక్కి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకి చుట్టి పనికొచ్చే మొదటి మెషిన్ చేశాడు, 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రోగి చేతి రక్తనాళాలకి టెఫ్లాన్ షంట్ అనే గొట్టం పెట్టి మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయడం సాధ్యం చేశాడు. మెషిన్లు తక్కువ, రోగులు ఎక్కువ, అందుకని ఎవరికివ్వాలో తేల్చడానికి కమిటీ పెట్టారు. ఆ తొలిరోజుల్లో షుగర్ ఉన్నవాళ్లని చాలా చోట్ల లిస్టులోకే రానిచ్చేవాళ్లు కాదు, వీళ్లకి మిగతా జబ్బులు కూడా ఉన్నాయి, ఎట్లాగూ ఎక్కువకాలం ఉండరు అని. ఇవాళ ఇక్కడ ఏ డయాలసిస్ వార్డుకైనా వెళ్లి చూడండి, పక్క పక్క బెడ్ల మీద ఉండేది వాళ్లే. 2012లో వచ్చిన ఇండియన్ సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) రిజిస్ట్రీ లెక్కల్లో 52 వేల పైచిలుకు పేషెంట్లుంటే 31 శాతం మందికి కారణం షుగరే.

అలా నెఫ్రాలజీ, అదే కిడ్నీ వైద్యం, అంటే చివరి స్టేజీలో మెషిన్ చూసుకునే శాఖ అన్న పేరు పడిపోయింది, షుగర్ ఒకరిది, గుండె ఒకరిది, కిడ్నీ పూర్తిగా పోయాకే కిడ్నీ డాక్టర్‌ది. కొత్త మందుల ట్రయల్స్‌లో కూడా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లని చాలాసార్లు పక్కన పెట్టేవాళ్లు, దాంతో అసలు ఎవరికి ఎక్కువ రిస్కో వాళ్ల గురించే తక్కువ తెలిసింది.

క్రియాటినిన్ కథ ఇంకా పాతది. 1886లో మాక్స్ జాఫే అనే జర్మన్, క్రియాటినిన్‌కి పిక్రిక్ యాసిడ్ కలిపితే నారింజ రంగొస్తుందని కనిపెట్టాడు, ఇప్పటికీ మన గల్లీ ల్యాబుల్లో చాలావరకు ఆ రంగు చూసే చెప్తారు. ఇబ్బందేంటంటే ఆ అంకె కండని బట్టి మారుతుంది, సన్నటి ముసలమ్మకి 1.1, జిమ్ములో పెరిగిన కుర్రాడికి 1.1 ఒకటి కాదు. అందుకే వయసు, ఆడా మగా కలిపి లెక్కేసే ఫార్ములాలు వచ్చాయి, 2002లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్ వాళ్లు అయిదు స్టేజీలు పెట్టి, 60 కింద మూడు నెలలుంటే జబ్బే అని తేల్చారు, 60 పైనున్నా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంటే అది కూడా జబ్బే అన్నారు. మా అత్త రిపోర్టు వచ్చేనాటికి ఆ గీత గీసి చాలా ఏళ్లయింది. ల్యాబ్ కాగితం మీదికి మాత్రం రాలేదు.

ఇక మన ఊరి సంగతి. కిడ్నీ అనగానే తెలుగువాళ్లకి ముందు ఉద్దానం గుర్తొస్తుంది, అక్కడ షుగర్ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోవడం, కారణం తేలకపోవడం, అది వేరే దుఃఖం. హైదరాబాద్‌లో కారణం తేలనిదేం కాదు, ఎక్కువమందికి ఇంట్లో గ్లూకోమీటర్ పక్కనే ఉంటుంది. ఇక్కడ సర్కారు డబ్బు కూడా చివరి మెట్టు దగ్గరే ఎక్కువ పడింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, డయాలసిస్ అందులోకి వచ్చింది, నిమ్స్, ఉస్మానియా, గాంధీల్లో పేదవాళ్లకి అది నిజంగా ప్రాణం నిలబెట్టింది. 2013లో జీవన్‌దాన్ మొదలై బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ల కిడ్నీలు వరుస ప్రకారం అందడం మొదలైంది, 2016లో కేంద్రం డయాలసిస్ ప్రోగ్రాం పెట్టింది, 2022లో ఆసరా పింఛన్ డయాలసిస్ వాళ్లకి కూడా ఇచ్చారు. ఇవేవీ వద్దని నేననను, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి బస్సు చార్జీ కూడా భారమే. కానీ ముందు మెట్టు దగ్గర జరిగింది తక్కువ, ఆలస్యం కూడా. బస్తీ దవాఖానలు, అంటే బస్తీల్లో సర్కారు క్లినిక్కులు, 2018లో వచ్చాయి, నారాయణగూడలోని సర్కారు సంస్థ ఐపీఎంలో టెస్టులు చేసే తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్ కూడా అదే ఏడాది.

మందులేమో లేవనడానికి లేదు. బీపీకి వాడే కొన్ని రకాల గోలీలు కిడ్నీని కూడా కాపాడతాయని 1993లో క్యాప్టోప్రిల్‌తో, 2001లో లోసార్టన్, ఇర్బెసార్టన్‌లతో తేలింది. షుగర్ గోలీగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేనివాళ్ల కిడ్నీకి కూడా పనికొస్తుందని 2020లో బయటపడింది, అదే ఏడాది మన దేశంలో దాని పేటెంట్ అయిపోయి చవక బ్రాండ్లు బోలెడు వచ్చాయి. ఒకే గోలీ షుగర్‌కీ గుండెకీ కిడ్నీకీ అన్నప్పుడు ఎవరి చిట్టీలో రాయాలి? 2023లో అమెరికా హార్ట్ అసోసియేషన్ గుండె, కిడ్నీ, షుగర్, ఒబేసిటీ కలిపి ఒకే జబ్బుగా పేరు పెట్టింది, బ్రైట్ గుండె లావెక్కిందని రాసిన 187 ఏళ్లకి.

ఇక మోకాళ్ల చిట్టీ. లోసార్టన్ లాంటి బీపీ గోలీ, నీళ్లు దిగడానికిచ్చే గోలీ, వీటికి తోడు ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం సరిగ్గా అందక ఒక్కసారి దెబ్బతినొచ్చు, అందులోనూ విరేచనాలై ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు. ముగ్గురు డాక్టర్లు విడివిడిగా రాస్తే ఎవరి చిట్టీలోనూ తప్పు కనపడదు. మా అత్త ఆ నొప్పి గోలీని చిట్టీ లేకుండానే షాపులో స్ట్రిప్పులు స్ట్రిప్పులు తెచ్చుకునేది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఇప్పుడు ఆమెకి డెబ్బై ఒకటి, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. ఎడమ చేతికి మాత్రం ఫిస్టులా ఆపరేషన్, అంటే రేపు డయాలసిస్ సూదులకి వీలుగా రెండు రక్తనాళాల్ని కలపడం, చేసి ఉంచారు, ఆ చేతికి బీపీ చూడనివ్వదు, సూది గుచ్చనివ్వదు, గాజులు కూడా తీసేసింది. పోయిన వారం వెళ్తే "చెయ్యి పెట్టి చూడు, జుమ్ జుమ్ అంటది" అని నా వేళ్లు దాని మీద పెట్టింది. నిజంగానే చర్మం కింద చిన్న మోటర్ తిరుగుతున్నట్టుంది. టేబుల్ మీద కొత్త ఫైలు, అయిదు చిట్టీలూ అందులోనే ఉన్నాయి, పైన ఆమె స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసుకుంది, కిడ్నీ ఉంది, నొప్పి గోలీ రాయొద్దు అని.