రెండు గంటల ఆయుష్షు

శుక్రగ్రహం మీద దిగే యంత్రానికి చావు ఎలాగూ తప్పదు. దాన్ని ఎంతసేపు వాయిదా వేయగలం అన్నదే ఇంజనీర్ల లెక్క. అక్కడి నేల వేడి దాదాపు 460 డిగ్రీల సెల్సియస్; సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. గాలి ఒత్తిడి భూమి మీద కన్నా 90 రెట్లు ఎక్కువ.

సోవియట్ ఇంజనీర్లకు మొదట్లో ఇదంతా తెలీదు. 1967లో వాళ్లు పంపిన వెనీరా-4 అనే నౌక నేల చేరకముందే మూగబోయింది. దాంతో వెనీరా-7ను టైటానియంతో దిట్టంగా కట్టారు. 1970 డిసెంబర్ 15న అది దిగుతుండగా పారాచూట్ చెడిపోయి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నేలను గుద్దుకుంది. ఇక పోయిందనే అనుకున్నారు. తరువాత రేడియో సిగ్నళ్లు రికార్డు చేసిన టేపులు జల్లెడ పడితే, ఆ రేడియో రొదలో 23 నిమిషాల సన్నటి సిగ్నల్ దొరికింది. వేరే గ్రహం నేల మీంచి మనకు అందిన మొదటి కబురు అదే. అందులో ఉన్నది ఉష్ణోగ్రత ఒక్కటే, అయినా గొప్ప కబురే!

తరువాత వచ్చిన ల్యాండర్లది మరీ తెలివైన పద్ధతి. ఎండలో చేపలమ్మేవాళ్లు ఐస్ పెట్టె సర్దుకున్నట్టు, దిగకముందే లోపలి భాగాన్ని సున్నా డిగ్రీల కన్నా కిందికి చల్లబరిచేవాళ్లు. కరుగుతూ వేడిని పీల్చుకునే ఒక లిథియం లవణాన్ని కూడా లోపల పెట్టేవాళ్లు. అన్నిటికన్నా నాకు నచ్చింది పారాచూట్ సంగతి. దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తులోనే దాన్ని కావాలని వదిలేసేవాళ్లు. నెమ్మదిగా దిగితే దారిలోనే వేడెక్కిపోతుంది కదా! కింద గాలి ఎంత చిక్కనిదంటే, పళ్లెం లాంటి ఒక లోహపు రేకు చాలు, వేగం దానంతటదే తగ్గిపోతుంది.

ఇంత చేసినా చిన్న చిన్న మూతల దగ్గర దెబ్బతిన్నారు. 1978లో వెనీరా-11, 12 దిగాయి కానీ కెమెరాల మూతలు ఊడలేదు, ఫొటోలు రాలేదు. 1982 మార్చి 1న దిగిన వెనీరా-13కు అన్నీ కలిసొచ్చాయి. 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకుంటే, 127 నిమిషాలు పనిచేసి పలకల్లాంటి రాళ్ల రంగుల ఫొటోలు పంపింది. నాలుగు రోజులకు వెనీరా-14 దిగింది. ఈసారి మూత చక్కగా ఊడింది. ఊడి, నేల గట్టిదనం కొలవాల్సిన చేయి సరిగ్గా ఎక్కడ వాలాలో అక్కడే పడింది. చేయి పాపం ఆ మూత గట్టిదనాన్నే కొలిచింది.

1985లో సోవియట్ వాళ్లవే అయిన వేగా-1, 2 దిగాక ఆ నేల మీదికి ఇంకెవరూ ల్యాండర్‌ను పంపలేదు. 2024లో కేంద్రం ఆమోదించిన మన ఇస్రో శుక్రయాత్ర కూడా కక్ష్యలో తిరిగేదే.